మలుపు దగ్గరి వ్యాను

కళ్లద్దాల కొట్టు
ఎండలు ముదరకముందు, ఒక మధ్యాహ్నం

పిచ్చుకా,

ఉత్తరం చూసి కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్ ఉండగా ఈ వదినకి కాగితం మీద మోజు ఎందుకు పుట్టిందా అనుకుంటున్నావు కదూ? ఫోన్లో మాట్లాడుతుంటే మీ అన్నయ్య చెవి నా నోటికి అంగుళం దూరంలో ఉంటుంది. “అలా కాదు, నేను చెప్తా, ఇటివ్వు” అని లాక్కుంటారు. బస్సు కండక్టరు కదా, ఎవరి మాటనైనా మధ్యలో ఆపి టికెట్ కొట్టడం అలవాటు. మధ్యాహ్నం పూట కొట్టుకి ఎవరూ రారు. అందుకని ఇక మన కబుర్లు ఉత్తరాల్లోనే. నువ్వూ ఫోన్ చేయకు, రాయి.

అసలు సంగతి విను. మన వీధికి సంఘం ఒకటి వెలిసింది! పోయిన ఏడాది నుంచీ చెత్త బండి మన వీధిలోకి రావడం మానేసింది. ఎందుకు మానేసిందో అడిగిన నాథుడు లేడు. జనం బకెట్లు పట్టుకెళ్లి వీధి చివరి ఖాళీ స్థలంలో కుమ్మరిస్తున్నారు. కుప్ప పెరిగిందంటే సాయంత్రం ఎదురింటి పిన్నిగారు అగ్గిపెట్టె పట్టుకుని బయల్దేరుతుంది. పొగ వీధంతా తిరిగి, ప్రతి ఇంటినీ పేరుపేరునా పలకరించి గానీ పోదు.

లెక్కల మాస్టారి మేడ మీద మొదటి సమావేశం పెట్టారు. అధ్యక్షుడు ఆయనే. పరిసరాల గురించి పాఠం మొదలుపెట్టారు. ఆయన బడిలో ఉన్న రోజుల్లో గంట కొట్టడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు లేడు. అదీ మన ఖర్మ. ఈలోగా ఎవరో “మీ బూడిదంతా మా దుప్పట్ల మీదే” అన్నారు. పిన్నిగారు లేచింది. “తగలబెట్టక ఏం చేయమంటావు? నెత్తిన పెట్టుకోనా? ఈగలు ఇంట్లోకి వస్తే నువ్వొచ్చి తోలతావా?” ప్లంబరు పని చేసే వాళ్లబ్బాయి “అమ్మా, కూర్చో” అంటే వాడికీ రెండు తగిలాయి.

చివరికి జరిగిందంతా రాసిపెట్టాలన్నారు. కలం ఎవరి దగ్గరుంది అంటే నా దగ్గరుంది. అంతే. మీ వదిన ఇప్పుడు కార్యదర్శి.

నీ వదిన

*

ఆసుపత్రి సిబ్బంది గదులు
ఉదయం డ్యూటీ దిగాక

కార్యదర్శి వదినగారికి నమస్కారాలు,

నీ ఉత్తరం మా గదిలో అందరికీ చదివి వినిపించాను. పిన్నిగారిని ఇక్కడికి పంపించమంటున్నారు, మా క్యాంటీన్ వాళ్లని అదుపులో పెట్టడానికి.

నా పని మామూలే. ఊపిరి ఆడనివాళ్లకి ఊపిరి తీసుకోవడం నేర్పడం. పుట్టగానే ఎవరూ నేర్పకుండా వచ్చిన విద్య, వదినా, దాన్ని పెద్దయ్యాక నా ఎదురుగా కూర్చుని మళ్లీ అక్షరాభ్యాసంలా దిద్దుకుంటారు. గోడలకి రంగులు వేసే ఒకాయన చేరాడు. గొట్టంలోకి ఊది బంతి పైకి లేపాలి. లేవకపోతే బంతినే తిడతాడు. “దీనికి బరువెక్కువమ్మా, వేరేది తెండి.” నిన్న లేచింది. నన్ను చూసి కన్ను కొట్టాడు.

అందుకే అడుగుతున్నా, ఆ పొగ తేలిగ్గా తీసుకోకండి. ప్లాస్టిక్ కాలిన పొగ మంచిది కాదు. వీధిలో ఎవరికైనా దగ్గు పట్టుకుంటే ముందు నాకు చెప్పు.

అన్నయ్య ఆదివారాలు నాన్న వ్యాను తుడుస్తున్నాడా? సగం వీధిని ఆ వ్యానే బడికి మోసింది కదా. నాన్న పోయాక మళ్లీ ఇంజన్ పలకలేదు గానీ, మలుపు దగ్గర అది నిలబడి ఉంటే నాన్న ఇప్పుడే దిగి ఇంట్లోకి వెళ్లినట్టు ఉంటుంది నాకు. సెలవుకి వచ్చినప్పుడల్లా ముందు దాన్ని తాకి తర్వాతే గుమ్మం ఎక్కుతాను. నువ్వు చూసి నవ్వుతావు, నాకు తెలుసు.

పిచ్చుక

*

కొట్టు
ఎండ మండిపోతోంది

పిచ్చుకా,

మొన్న పెద్ద సాహసం చేశాను. పొద్దున్నే మెయిన్ రోడ్డు మీదికి వెళ్లి చెత్త బండికి అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు తల బయటపెట్టి “ఏంటమ్మా, చావాలనుందా?” అన్నాడు. “లేదు నాయనా, బతకాలనుంది. మా వీధికి ఎందుకు రావు?” అన్నాను.

పాపం మంచివాడే. ఇంజన్ ఆపి మరీ చెప్పాడు. “రావడానికి నాకేం రోగమమ్మా? కొత్త బండి పొడుగు, మీ మలుపులో తిరగదు. అక్కడ ఒకటి అడ్డం ఉంది. అది తీయించండి, వచ్చేస్తా.”

ఏమిటా అడ్డం అని అడుగుతావేమో. ఏదో ఒకటిలే. వీధి అన్నాక అడ్డాలు ఉండవూ?

రెండో సమావేశంలో ఈ మాట చెప్పాను. “అడ్డం” అనగానే ఎవరికి వాళ్లు పక్కవాళ్ల బండి వైపు చూశారు. మోటార్‌సైకిళ్లన్నారు, మాస్టారి పూలకుండీలన్నారు. పిన్నిగారి కొడుకు లేచి “అసలు సంగతేంటంటే…” అన్నాడు. మీ అన్నయ్య ముఖం చూసి, ఏమీ లేదని మళ్లీ కూర్చున్నాడు. మీ అన్నయ్య సమావేశం అయ్యేదాకా తన చెప్పులనే చూసుకున్నారు.

వ్యాను సంగతి అడిగావు. దాని చోట అది ఉంది. ఆయన తుడుస్తూనే ఉన్నారు.

పొగ మాట మర్చిపో. కిటికీలు వేసుకుంటున్నాం, చాలు. పైన ఈ సిరా మరక చూసి నవ్వకు, కలం జారింది.

నీ వదిన

*

ఆసుపత్రి సిబ్బంది గదులు

వదినకి,

అన్నయ్య ఫోన్ చేశాడు. నువ్వు “ఏదో ఒకటిలే” అన్న అడ్డం ఏమిటో ఇప్పుడు తెలిసింది.

మూడో సమావేశంలో నాన్న వ్యాను తీసేయాలని తీర్మానం పెట్టారట కదా. రాసే కలం నీదే కదా. నీ చేత్తోనే రాశావా? నాకొక్క మాట చెప్పాలనిపించలేదా? ఎవరి బండి అది? అన్నయ్యదీ నాదీ. ఆ వీధిలో ఎవరి పిల్లల్ని మోయలేదని అది? వానైనా ఎండైనా ఒక్కరోజు మానకుండా తిప్పితే, ఈరోజు అది అడ్డమైపోయిందా?

సంఘం పెట్టి మీరు సాధించింది ఇదన్నమాట. మీ మాస్టారికి చెప్పు, కుండీలు తీసుకోమను, మలుపు ఇంకొంచెం వెడల్పు చేయించుకోమను. నాన్న వ్యాను జోలికి రావద్దను. మధ్యలో వచ్చినదానివి, నీకు అది ఒక పాత ఇనుము. మాకు కాదు.

ఇంతకన్నా రాయను.

మీ ఆడపడుచు

*

ఇల్లు
మొదటి వాన పడ్డ సాయంత్రం

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్యకి చూపించలేదు.

తీర్మానం మాస్టారు చెప్పారు. నేను రాయలేదు. కలం మూసి ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను. ఇప్పుడు నేను కార్యదర్శిని కాను. వ్యాను ఎక్కడికీ పోదు. అది ఆ రోజే అందరికీ చెప్పేశాను. మీ అన్నయ్య కూడా అక్కడే ఉన్నారు. మరి నీకు ఫోన్లో ఆ ముక్క ఎందుకు చెప్పలేదో ఆయన్నే అడుగు.

మధ్యలో వచ్చినదాన్నే, నిజమే. ఎలా వచ్చానో నీకు గుర్తులేదేమో, చిన్నపిల్లవి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది ఆ వ్యానులోనే. బండెక్కితే నాకు కడుపులో తిప్పుతుందని మామయ్యగారికి ఎవరో చెప్పారట. దారి పొడుగునా ఎడ్లబండిలా నడిపారు. వెనకనుంచి హారన్ కొట్టిన ప్రతివాడికీ చేయి బయటపెట్టి “కొత్త కోడలు నాయనా, నువ్వు దాటి వెళ్లు” అని చెప్పుకుంటూ వచ్చారు. నవ్వు ఆపుకోలేక కడుపులో తిప్పడం మర్చిపోయాను.

నాకూ అది పాత ఇనుము కాదు.

నీ ఒంట్లో జాగ్రత్త. వానలు మొదలయ్యాయి.

వదిన

*

ఆసుపత్రి సిబ్బంది గదులు
వాన ఆగడం లేదు

వదినా,

ముందు ఆ ఉత్తరం చించి పారెయ్. నోటికొచ్చింది రాశాను. ఎడ్లబండి మాట చదివి డ్యూటీలో ఉండగానే ఏడ్చాను. రంగులాయన తన తువ్వాలు ఇచ్చి “బంతి నీకూ లేవట్లేదామ్మా?” అన్నాడు.

నువ్వు అడగమన్నావని అన్నయ్యకి ఫోన్ చేశాను. గట్టిగానే అడిగాను. నీళ్లు నమిలాడు. ఇంతలో వెనక ఎవరో దగ్గారు. ఆగకుండా దగ్గారు. దగ్గి దగ్గి, ఊపిరి అందక ఈల వేసినట్టు లాగారు. వదినా, నేను పొద్దస్తమానం వినేది అదే. ఆ చప్పుడు నాకు నా పేరుకన్నా బాగా తెలుసు.

“ఎవరన్నయ్యా?” అన్నాను. “మీ వదినే. పొగ ఎక్కువైన రోజు అలాగే ఉంటుంది” అన్నాడు. “ఎన్నాళ్లనుంచి?” అంటే ఎండలకి ముందునుంచీ అన్నాడు. ఎండలకి ముందు! నీ మొదటి ఉత్తరం వచ్చింది అప్పుడే కదా.

అప్పుడు అర్థమైంది నాకు. అన్నయ్య చెవీ కాదు, టికెట్టూ కాదు. ఫోన్ చేయకు, రాయి అన్నావు. కాగితం దగ్గదు కదా వదినా! ఆ సిరా మరక కూడా కలం జారి పడింది కాదు.

నీకు దగ్గు అని తెలిస్తే ఆ పొగ ఎందుకు ఆగట్లేదని అడుగుతాను. అడిగితే వ్యాను మాట వస్తుంది. నాకు ఆ మాట చెప్పడంకన్నా ఊపిరాడకుండా ఉండటమే నీకు తేలికనిపించింది. నేను గుమ్మం ఎక్కేముందు వ్యాను తాకే మురిపెం కోసం నువ్వు ఇన్ని నెలలు పొగ మింగావు.

నాన్న సంగతి ఒకటి నీకు తెలియదు. బడి గేటు ముందు ఆయన ఎప్పుడూ ఇంజన్ ఆపేసేవాడు. మళ్లీ స్టార్ట్ చేయడం ఎంత గగనమో తెలిసి కూడా. “పొగగొట్టం ఎత్తూ పిల్లల ముక్కు ఎత్తూ ఒకటే” అనేవాడు. అలాంటి మనిషి బండి పేరు చెప్పి మనం వీధికంతా పొగ పెడుతున్నాం.

తీసేయండి. నా వంతు నేను వదులుకుంటున్నాను. ఈ మాట అన్నయ్యకీ చెప్పేశాను. “ఎక్కడ పెట్టను పిచ్చుకా, దాన్ని?” అన్నాడు, చిన్నపిల్లాడిలా. అన్నయ్యకీ నాలాగే దాన్ని వదలడం కష్టమే వదినా. నువ్వు దగ్గుతున్నా చూస్తూ ఊరుకున్నాడని మాత్రం నేను వదిలిపెట్టలేదు. బాగా తిట్లు తిన్నాడు.

ఇక నిజం రాయి. మెట్లెక్కితే ఎలా ఉంటోంది? పడుకుంటే? డాక్టరు దగ్గరికి వెళ్లాక రాసినదే ఉత్తరం. అంతకుముందు రాస్తే విప్పను.

నీ పిచ్చుక

*

ఇల్లు
వానల మధ్య ఎండ కాసిన రోజు

పిచ్చుకా,

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను, కాబట్టి విప్పు.

అవును, దగ్గే. మెట్లెక్కి తలుపు ముందు సంచిలో చేయి పెట్టి తాళంచెవి వెతుకుతున్నట్టు నిలబడేదాన్ని. తాళంచెవి చేతిలోనే ఉండేది. ఆయాసం తీరేదాకా ఆ నాటకం. కొట్టుకొచ్చినవాళ్లకి కళ్లద్దాలు తొడిగేటప్పుడు ముఖం పక్కకి తిప్పి దగ్గేదాన్ని. డాక్టరు పీల్చే మందు ఇచ్చారు. పొగ ఆగితే చాలావరకు తగ్గుతుందన్నారు. ఆయన ఆ మాట చెప్తుంటే మీ అన్నయ్య గోడ మీది ఊపిరితిత్తుల బొమ్మనే చూస్తూ కూర్చున్నారు. బయటికొచ్చాక “నన్ను తిట్టు” అన్నారు. మీ చెల్లెలు తిట్టింది చాలదా అన్నాను.

ఆ వారమే సమావేశం. నేను వెనక కూర్చున్నాను. మాస్టారు పాఠం మొదలుపెట్టబోతే మీ అన్నయ్య లేచి, బస్సులో నిలబడ్డట్టు ఒక చేత్తో పందిరి రాట పట్టుకున్నారు.

“అందరూ వినండి. అడ్డం మాదే. మీ అందరికీ ఎప్పుడో తెలుసు, అయినా ఎవరూ గట్టిగా అడగలేదు. మా నాన్న మీద గౌరవంతో ఊరుకున్నారు. ఆ గౌరవాన్ని నేను పార్కింగ్‌కి వాడుకున్నాను. దాని అద్దె మా ఆవిడ ఊపిరితో కట్టాల్సి వచ్చింది. వ్యాను తీసేస్తున్నాం.”

వెంటనే తీసేయండి అంటారనుకున్నావా? లేదు. పిన్నిగారే లేచింది. “వద్దు నాయనా! మా వాడు మొదటిరోజు బడికి ఏడ్చుకుంటూ ఎక్కింది అందులోనే. తీయొద్దు.” ప్లంబరు తల పట్టుకున్నాడు. “అమ్మా! నువ్వు అగ్గిపెట్టె పట్టుకెళ్లేది దానివల్లే కదే!” ఆవిడ నా వైపు తిరిగింది. “నేను పెట్టే పొగకా ఆ పిల్ల దగ్గేది?” అంది. అగ్గిపెట్టె కొంగులోనే ఉన్నట్టుంది, తీసి కొడుకు చేతిలో పెట్టి కూర్చుంది.

ఎక్కడ పెట్టాలన్నదానికి దారి దొరికింది. మోటారు పని నేర్పే శిక్షణ కేంద్రం వాళ్లు ఒప్పుకున్నారు. విప్పి, బిగించి పిల్లలు పని నేర్చుకుంటారట. పాత ఇంజన్లే నేర్చుకోవడానికి మంచివని అక్కడి మాస్టారు అన్నారు. మీ అన్నయ్య ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చారు, బహుమానం వచ్చినట్టు.

తీసుకెళ్లిన రోజు చూడాలి నువ్వు. టైర్లు నేలలో దిగిపోయాయి. ఇంజన్ పలకలేదు. వీధంతా వచ్చి తోశారు. లెక్కల మాస్టారు ఎదురుగా వెనక్కి నడుస్తూ “కుడి! కుడి! మీ కుడి కాదు, నా కుడి!” పిన్నిగారు వెనక అద్దం మీద చేయి పెట్టి తోసిందో నిమిరిందో తెలియదు. మీ అన్నయ్య డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు పట్టారు. నన్ను పక్కన కూర్చోమన్నారు. తోసేవాళ్లకి బరువు అన్నాను. “కూర్చో. నిన్ను తెచ్చిన బండి” అన్నారు. మెయిన్ రోడ్డు దాకా అలా వెళ్లాం, మామయ్యగారు నడిపినంత నెమ్మదిగా.

ఇన్నాళ్లూ వ్యాను నిలబడ్డ చోట గడ్డి తెల్లగా పాలిపోయి ఉంది. చూడలేక ఇంట్లోకి వచ్చేశాను.

ఇంత చేస్తే చెత్త బండి వచ్చిందా? రాలేదు! మన వీధిని వాళ్ల దారి నుంచి ఎప్పుడో కొట్టేశారట, మళ్లీ చేర్చాలంటే ఆఫీసు చుట్టూ తిరగాలట. పిన్నిగారు మాట మీద నిలబడి నిప్పు పెట్టడం లేదు గానీ, కుప్ప కొండైంది. వాసన చెప్పనలవి కాదు. తప్పు చేశామా అని మీ అన్నయ్య ఆ ఖాళీ మలుపు వంక చూస్తున్నారు.

వదిన

*

ఆసుపత్రి సిబ్బంది గదులు

వదినా,

తప్పేం కాదు. ఊపిరికి చోటు చేస్తే గాలి దానంతటదే రాదు, లాగాలి. రోజూ ఇదే చెప్తాను ఇక్కడ.

నువ్వు ఆఫీసు చుట్టూ తిరగకు, అన్నయ్యని తిప్పు. ఏళ్ల తరబడి కిక్కిరిసిన బస్సులో ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లినవాడు, ఒక ఆఫీసు వరండా దాటలేడా? మాస్టారిని కూడా పంపు. ఆయన పాఠం మొదలుపెడితే వదిలించుకోవడానికైనా సంతకం పెడతారు.

నువ్వు మళ్లీ కలం తీసుకో. నా కోసం వదిలేసిన పదవి అది. నేను అడుగుతున్నాను, తీసుకో.

వ్యాను పోయిన రోజు గడ్డి పాలిపోయిందన్నావు. ఆ ముక్క చాలాసార్లు చదివాను. బాధగానే ఉంది, దాచను. కానీ రంగులాయన మొన్న ఇంటికి వెళ్లిపోయాడు, మెట్లు దిగి, నడిచి. గేటు దగ్గర వెనక్కి తిరిగి, రెండు బుగ్గలూ ఉబ్బించి నా వైపు ఊదాడు. నువ్వే గుర్తొచ్చావు.

పిచ్చుక

*

ఇల్లు
చలి మొదలైంది

పిచ్చుకా,

వచ్చింది!

నువ్వన్నట్టే మాస్టారినీ మీ అన్నయ్యనీ జంటగా పంపాను. మూడో విడత మాస్టారు గొంతు సవరించుకోగానే ఆ ఆఫీసరు “సరే సరే, వచ్చే సోమవారం నుంచి” అన్నారట.

సోమవారం పొద్దున వీధంతా గుమ్మాల్లో నిలబడింది. బండి మలుపు దగ్గరికొచ్చి ఆగిపోయింది. డ్రైవరు తల బయటపెట్టి ఇంతమందిని చూసి గొంతు తగ్గించి అడిగాడు. “ఏమైందమ్మా? ఎవరైనా పోయారా?”

“ఎవరూ పోలేదు నాయనా. నువ్వే వచ్చావు” అంది పిన్నిగారు.

మలుపులో ఇంకా కొంచెం ఇరుకే. మీ అన్నయ్య డ్యూటీకి వెళ్లబోతున్నవారు, యూనిఫాంలోనే వెనక్కి పరిగెత్తి బండి రేకు మీద అరచేత్తో చరిచారు. “రైట్… రైట్… రైట్… హోల్డాన్!” డ్రైవరు నవ్వుతూ ఆయన చెప్పినట్టే తిప్పాడు. ఎక్కడా గీసుకోలేదు. బండి లోపలికొచ్చాక ఆయన ముఖం చూడాలి, తానే నడిపినట్టు. తర్వాత ఎవరూ చూడట్లేదనుకుని కళ్లు తుడుచుకున్నారు. నేను చూశాను.

కుప్ప మొత్తం ఎత్తడానికి వారం పట్టింది. కింద నల్లగా కాలిన నేల బయటపడింది. ప్లంబరు గునపంతో తవ్వి చూస్తే అడుగున మట్టి బాగానే ఉందట.

నా సంగతి. పీల్చే మందు సగానికి తగ్గించారు. నువ్వు రాసి పంపినట్టు పొద్దున్నే కూర్చుని ఊపిరి దిద్దుకుంటున్నాను. మీ అన్నయ్య ఎదురుగా కూర్చుని నాకన్నా గట్టిగా తీస్తారు.

నిన్న సమావేశం. కార్యదర్శిని మళ్లీ నేనే. ఇక తగువులకి ఏం మిగిలిందిలే, టీ తాగి లేచిపోతాం అనుకున్నాను. ఎంత అమాయకురాలిని! ఆ ఖాళీ స్థలంలో ఏం చేయాలన్నది విషయం. మాస్టారు బెంచీలన్నారు. పిన్నిగారు పూలన్నది. ప్లంబరు ముందు కుళాయి లేకుండా ఏం నాటినా ఎండుతుందన్నాడు. మీ అన్నయ్య పిల్లలు ఆడుకునే చోటు ఉంచాలన్నారు. మాస్టారు మొద్దని పిన్నిగారూ, పిన్నిగారు మొండి అని మాస్టారూ అనుకునేదాకా వెళ్లింది. అందరూ ఒకేసారి అరుస్తున్నారు. రాసుకుందామంటే ఒక్క ముక్క వినపడదు.

అప్పుడు నేను లేచాను. నీడనిచ్చే చెట్లు ముందు, మిగతావన్నీ దాని కింద అన్నాను. ఎందుకో చెప్పాను. ఏ మూల ఎవరికి ఎంత చోటో చెప్పాను. నీళ్లు ఎవరి వంతు ఏ రోజో చెప్పాను. పిన్నిగారు అడ్డం వస్తే ఆవిడ మీదికి గొంతు లేపాను, మాస్టారు అడ్డం వస్తే ఆయన మీదికీ లేపాను. చెప్పి చెప్పి కూర్చున్నాను. మీ అన్నయ్య నన్నే చూస్తున్నారు. ఏమిటా చూపు అని కళ్లతోనే అడిగాను.

అప్పుడు తట్టింది నాకు. అంతసేపూ అరిచాను పిచ్చుకా, ఒక్కసారి కూడా ఊపిరి కోసం ఆగలేదు.

నీ వదిన